బాణాలన్నీ ఒకే వలయంలోకి

మా ముత్తాత వెంకట నరసింహారావు గారు, తాత సీతాపతిరావు గారు నిజాం కాలంలో తొర్రూరు అవతల కొన్ని గ్రామాలకు దేశ్‌ముఖులు. కోటలాంటి మా ఇంటిని గడి అనేవారు. దాని కచేరి సావిట్లో తాతగారు కూర్చున్నారంటే ఏ తూము ముందు ఎత్తాలి, ఎవరి ఎద్దు ఎవరి చేను మేసింది, ఏ కుంట గండి ఎవరు పూడ్చాలి, అన్నీ ఆయన ముందుకే వచ్చేవి. ఆయన ఒక మాట అనేవారు. పని జరిగిపోయేది. నేను పుట్టేనాటికి ఆ అధికారం పోయింది. నాకు బుద్ధి తెలిసేనాటికి భూములూ చాలావరకు పోయాయి. పెద్ద కొడుకును అడగనిదే ఇంట్లో ఏదీ కదలకూడదన్న పద్ధతి మాత్రం మిగిలింది. నాన్నగారు పోయాక ఆ స్థానం నాకు వచ్చింది.

1983 జూన్‌లో వరంగల్ శివార్లలోని ఒక నూలు మిల్లులో నన్ను ట్రైనీ సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. అంతకుముందు అదే మిల్లు అకౌంట్స్‌లో గుమాస్తాను. మిల్లులో కంప్యూటర్ పెట్టాలని యాజమాన్యం నిర్ణయించి, ఇ.డి.పి. అనే కొత్త విభాగం తెరిచింది. యంత్రం ఇంకా రాలేదు. అది వచ్చేలోపు ఏ పని ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ముగుస్తున్నదో చూసి, కాగితం మీద గీసి, దాన్ని ఎలా మార్చాలో తేల్చడం మా పని. అనలిస్టు అంటే అదే. యంత్రానికి పని చెప్పేవాడు ప్రోగ్రామరు. ఏ పని చెప్పాలో తేల్చేవాడు అనలిస్టు.

మాకు నేర్పినవారు రాజారత్నం గారు. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి పాసింజరులో వచ్చేవారు. ఆయన నేర్పిన చిత్రంలో గుర్తులు నాలుగే. జరిగే పనికి వలయం, సమాచారం నడిచే దారికి బాణం, అది నిలవ ఉండే చోటుకు రెండు అడ్డగీతలు, బయటి మనుషులకు పెట్టె. "ముందు ఉన్నది ఉన్నట్టు గీయండి. మీకు నచ్చినట్టు తర్వాత గీద్దురు గాని" అనేవారు. మొదటి పని ఎవరైనా ఓపికతో చేస్తారని, మనిషి లోపల ఏముందో రెండో దాంట్లోనే బయటపడుతుందని ఆయన నమ్మకం.

నాకు అప్పగించినది స్టోర్స్. నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మీద టేపు తెగినా, బేరింగు పోయినా ఫోర్‌మన్ ఇండెంటు, అంటే సామాను చీటీ, రాస్తాడు, స్టోర్స్ వాళ్లు సామాను ఇస్తారు. చిన్న సామానుకు ఫోర్‌మన్ సంతకం చాలు, కొన్నింటికి షెడ్డు ఇన్‌చార్జి సంతకం కావాలి, పెద్దవి మేనేజరు దాకా పోతాయి. ఎవరి చేతిలో ఎంత అధికారం ఉందో ఎక్కడా రాసి లేదు. అలవాటు మీద నడుస్తున్నది. ఉన్నది ఉన్నట్టు గీశాను. రాజారత్నం గారు మెచ్చుకున్నారు. ఇక కొత్త పద్ధతి గీయాలి. అది వాక్‌త్రూ అనే పరీక్షలో నిలిస్తే నన్ను అనలిస్టుగా ఖాయం చేస్తారు. నిలవకపోతే మళ్లీ అకౌంట్స్‌లో గుమాస్తా బల్ల దగ్గరికే. మా వంశంలో మరొకరి కింద జీతానికి కుదిరిన మొదటివాణ్ణి నేను. ఆ బల్ల దగ్గరికి తిరిగి పోవడం నాకు సమ్మతం కాదు.

ఆ రోజుల్లోనే మా చిన్నాయన మిల్లు గేటు దగ్గరికి వచ్చారు. వయసులో నాకంటే చాలా పెద్ద. అయినా ఇంటి పెద్ద ముందు నిలబడినట్టు నిలబడే మాట్లాడారు.

"కచేరి కప్పు కురుస్తాంది బిడ్డా. నిరుడు చెప్పిన, మొన్న పండుగకు చెప్పిన. నువ్వు ఊ అంటే విప్పిస్త, లేకుంటే బాగన్న చేయిస్త. ఏదో ఒకటి చెప్పు."

ఆలోచించి చెబుతానన్నాను.

"నువ్వు ఆలోచించేటాల్లకు వాన ఆగదు గద" అని నవ్వి, టీ కూడా తాగకుండా బస్సెక్కారు.

నా చిత్రం అందంగా వచ్చింది. వలయాలన్నీ ప్లాస్టిక్ అచ్చుతో గీశాను, ఒక్క బాణం ఇంకో బాణాన్ని దాటలేదు. ప్రతి ఇండెంటూ మేనేజరు వలయంలోకి పోతుంది, అక్కణ్నుంచి అనుమతితో స్టోర్స్‌కు వస్తుంది. గందరగోళం లేదు, అనుమానం లేదు. దాన్ని గోడకు తగిలించి చాలాసేపు చూశాను. ఎక్కడో చూసిన నిండుదనం అందులో కనిపించింది.

వాక్‌త్రూ అంటే గీసిన చిత్రంలో ఒక కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించి చూడటం. మామూలుగా బల్ల మీద వేలితో చూపిస్తూ చేస్తారు. రాజారత్నం గారి పద్ధతి వేరు. మధ్యాహ్నం క్యాంటీన్ హాల్లో ఒక్కో వలయానికి ఒక్కో కుర్చీ వేయించారు. బాణాలున్న వరుసలోనే చీటీలు చేతులు మారాలి. ఫోర్‌మన్ యాదగిరి తన కుర్చీలో, స్టోర్స్ గుమాస్తా సుగుణ మేరీ గారు తన కుర్చీలో కూర్చున్నారు. మేనేజరు కుర్చీలో నన్ను కూర్చోమన్నారు.

నిటారుగా కూర్చున్నాను. యాదగిరి మొదటి చీటీ పంపాడు, టేపు కావాలని. చదివి, సంతకం పెట్టి పంపాను. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. హాల్లో అందరి కళ్లూ నా చేతి మీదే ఉన్నాయి. ఆ కాసేపు నాకు ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తే. తాతగారు కచేరిలో కూర్చున్నప్పుడు గాలి ఇలాగే నిలిచి ఉండేదేమో అనిపించింది. ఆయన్ను నేను చూడలేదు. చూడనిదాని మీద అంత బెంగ ఎలా పుడుతుందో నాకు తెలియదు.

అప్పుడు రాజారత్నం గారు మిగతా షెడ్ల ఫోర్‌మన్లను కూడా మొదలుపెట్టమన్నారు. చీటీలు నాలుగు వైపుల నుంచీ వచ్చాయి. ఒళ్లో పడ్డాయి, కింద పడ్డాయి. ఏది ముందో తెలియలేదు.

"సార్, నా మిషన్ ఆగి శాన సేపైంది," అని యాదగిరి లేచాడు. "మీరు జర సూస్తుండుండ్రి, నేను చాయ్ తాగొస్త."

"నాకూ ఒకటి తే అన్నా," అన్నారు సుగుణ మేరీ గారు. "అన్నీ సారు ఒళ్లోనే ఉన్నయ్. నా చేతికి ఒక్క చీటీ వస్తే ఒట్టు. ఇయ్యాల స్వెట్టర్ అల్లుకుంట."

హాలంతా నవ్వారు. నేను నవ్వలేదు, లేవనూ లేదు. చేతిలో ఉన్న చీటీ చదవడం పూర్తి చేసి సంతకం పెట్టాను.

రాజారత్నం గారు దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు. "రావు గారూ, వీటిలో మీరు తెలుసుకోవాల్సినవి ఎన్ని? మీరు తేల్చాల్సినవి ఎన్ని?"

చీటీలు ఏరి చూశాను. అన్నీ తెలియాల్సినవే. తేల్చాల్సింది ఒక్కటి, కొత్త మోటారుది. మిగతావి యాదగిరి నాకంటే ముందే తేల్చేసినవి. అతనికి సామాను కావాలి, నా మాట అక్కర్లేదు.

వారం గడువు అడిగి మళ్లీ గీశాను. చిన్న ఇండెంట్లు ఫోర్‌మన్ వలయం నుంచి నేరుగా స్టోర్స్‌కు పోయాయి. ఎవరి హద్దు ఎంతో ఈసారి రాసిపెట్టాను. మేనేజరుకు వారానికొక పట్టీ, అందులో వాడిన సామానంతా, మామూలుకు మించినదానికి గుర్తు పెట్టి. బాణాలు ఒకదాన్నొకటి దాటాయి, చిత్రం మునుపంత అందంగా లేదు. మళ్లీ కుర్చీలు వేసి నడిపిస్తే మాత్రం చీటీ ఎక్కడా ఆగలేదు. ఆగస్టులో నన్ను ఖాయం చేశారు. అందుకు సంతోషించాను. మొదటి చిత్రాన్ని చించలేదు. చాలా ఏళ్లు బల్ల సొరుగులో ఉంచుకుని అప్పుడప్పుడు తీసి చూసేవాణ్ణి.

తర్వాత ఎన్నో సంస్థలకు పద్ధతులు గీశాను. అన్ని చోట్లా మొదట అడిగింది ఆ ప్రశ్నే. పైవాడికి అన్నీ తెలియడం వేరు, అన్నీ అతని కోసం ఆగడం వేరు. కొత్త పద్ధతి గీసేవాడు తాను పెరిగిన ఇంటినే గీస్తాడు. ఆ సంగతి ముందే ఎరిగి ఉంటే దిద్దుకోవడం తేలిక.

ఖాయమైన కాగితం అందిన వారమే, ఆదివారం నాడు ఊరికి పోయి, కచేరి సంగతి ఇక నన్ను అడగనక్కర్లేదని చిన్నాయనకు చెప్పాను. దసరాకు ముందే ఆయన కప్పు విప్పించారు. టేకు దూలాలు హనుమకొండ కట్టెల అడితి వాళ్లకు అమ్మారు.