జామచెట్టుకున్న పలుపు

గుడివాడలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. గోడకి అవతల జామచెట్టుకి కట్టేసిన కుక్క ఒంటి మీద వెంట్రుక మిగల్లేదు. గజ్జి. ఎడమ చెవి చీలి అందులో పురుగులు పడ్డాయి. ఆ చెవిని చెట్టు మొదలుకేసి రాసుకుంటూ ఉండేది. తొంభైల చివరి మాట ఇది. నా భార్య పోయి ఏడాది కాలేదు. కాలేజీకి వెళ్ళి పాఠం చెప్పడం, ఆదివారం ఎవరైనా పిలిస్తే బందరో నాగాయలంకో వెళ్ళి మూఢనమ్మకాల మీద మాట్లాడి రావడం, అంతే నా పని. మాటలు వాటంతటవే వచ్చేవి. చప్పట్లు వినపడేవి. బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి.

కుక్కని చూసినప్పుడు కూడా ఏమీ అనిపించేది కాదు. గాలి ఇటు తిరిగితే వాసన వచ్చేది. కిటికీ మూసేవాణ్ణి.

పక్కింటివాళ్ళు నందివాడ వైపు రైతులు. పిల్లల చదువుల కోసం గేదెల్ని అమ్మేసి టౌనుకి వచ్చారు. గేదెల చావిట్లో పెరిగిన ఈ కుక్కని మాత్రం వెంట తెచ్చుకున్నారు. గేదెల్ని కట్టిన పాత పలుపుతాడుతోనే దాన్ని కట్టేవారు. ఆ ఇంటాయన గుండెపోటుతో విజయవాడలో చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, బతికి బయటపడ్డాడు. ఆయన ఇంటికొచ్చిన కొద్ది రోజులకే కుక్క ఒళ్ళంతా పుళ్ళయింది.

ఒక ఉదయం ఆ ఇంటావిడ అన్నం గిన్నెని కర్రతో దాని ముందుకు నెడుతుంటే చూసి గోడ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే గజ్జి ఇంజెక్షన్లతో పోతుంది. రిక్షా నేను మాట్లాడతాను."

"వద్దండి అన్నయ్యగారూ."

"ఎందుకని?"

ఆవిడ వరండా వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఈయన గండం అది తీసుకుందండి. మా పెద్దత్తయ్యగారు చూసి చెప్పారు. ఇప్పుడు దానికి నయం చేశామనుకోండి, ఆ గండం ఎక్కడికి పోద్ది? మళ్ళీ ఈయన మీదకే కదండీ వచ్చేది?"

నాకు తెలిసిన పనే కాబట్టి మొదలుపెట్టాను. గుండెకి వెళ్ళే రక్తనాళం పూడుకుపోవడం వేరు, కుక్క చర్మంలో కంటికి కనపడని పురుగు చేరడం వేరు అన్నాను. జబ్బు ఒక ఒంట్లోంచి లేచి, గోడ దూకి, మరో ఒంట్లోకి మకాం మార్చదన్నాను. భయాన్ని ఇంటింటికీ పంచిపెట్టి దానికి ఆచారమని పేరు పెట్టే పెద్దల్ని కూడా నాలుగు మాటలన్నాను. ఆవిడ చివరిదాకా విన్నది. తల అడ్డంగా కూడా ఊపలేదు.

"మీరు చెప్పేది నిజమేనేమోనండి. ఒకవేళ కాదనుకోండి. ఈయన్ని మీరు తెచ్చిస్తారా?"

సభల్లో ఇలాంటి ప్రశ్న వేస్తే జవాబు ఉండేది. నిరూపించాల్సిన బాధ్యత ఎవరిదో చెప్పి, జనాన్ని నవ్వించి కూర్చునేవాణ్ణి. నా భార్య విషయంలో డాక్టర్లు చెప్పినదాంట్లో నేను ఒక్క మాత్ర కూడా తప్పించలేదు. ఆ సంగతి ఈవిడకి తెలుసు. ఆ రోజుల్లో మాకు మజ్జిగ, చారు పంపింది ఈవిడే. అయినా ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

వరండాలో పడక్కుర్చీలోంచి ఆయన నవ్వాడు. అంతా విన్నాడన్నమాట.

"ఏం మాస్టారూ, నా బదులు చావడానికి ఒప్పుకున్నవాడికి మందులిప్పిస్తారా? మా ఆవిడ ఊరుకుంటదా?"

"చాల్లెండి, పొద్దున్నే ఏం మాటలవి!" అని కసిరింది ఆవిడ.

"కాదే, నేను చెప్పేది విను. మన గేదెల్ని అమ్మినప్పుడు ఏం చేశాం? గేదెనిచ్చి పలుపు మన దగ్గరే ఉంచుకున్నాం. పాడి ఇంట్లోంచి పోకూడదని. అవునా? ఈ కుక్క నాకేదో అడ్డం పడుతోందంటున్నావుగా. ఆ అడ్డం కూడా పలుపులోనే ఉంటది. పలుపుంచుకుని కుక్కని మాస్టారికిచ్చెయ్. ఇక ఆయన కుక్క, ఆయనిష్టం."

ఆవిడ ఆలోచనలో పడింది. ఆయన నావైపు చూసి కన్ను గీటాడు. నమ్మి అన్నాడో, భార్య కోసం అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పశువుని అమ్మేవాడు తాడు ఇవ్వడు, కొనేవాడే కొత్త తాడు తెచ్చుకుంటాడు. మా వైపు ఇది అందరికీ తెలిసిన పద్ధతి. ఒకసారి బందరు సభలో నేను ఎగతాళి చేసింది దీన్నే. పాడి పొదుగులో ఉంటుందా, తాడులో ఉంటుందా అని అడిగితే హాలంతా నవ్వింది.

"ఉత్త చేతులతో తోలుకుపోతానంటే కుదరదు మాస్టారూ. తాడు తెచ్చుకోండి," అన్నాడాయన.

ఇంట్లో తాడు లేదు. పెరట్లో బట్టలారేసుకునే నైలాను తాడు విప్పి తెచ్చాను. పలుపు ముడి ఆవిడే విప్పింది. కుక్క ఆవిడ చెయ్యి నాకింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపు అలాగే ఉంచి, తర్వాత పలుపు చుట్టచుట్టి జామకొమ్మకి తగిలించింది.

రిక్షావాళ్ళు ఎక్కించుకోలేదు. నడిపించుకుంటూ వెళ్ళాను. ఆసుపత్రిలో చెవిలో మందు పోస్తే పురుగులు నేల మీద రాలాయి.

"చదువుకున్నవాళ్ళే కదండీ, ఇంతదాకా ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కోప్పడ్డాడు. "కుక్క మీదేనా?"

"నాదే," అన్నాను. ఆ మాట బరువుగానూ లేదు, తేలికగానూ లేదు.

తర్వాతి ఆదివారం నాగాయలంక బస్సులో, నాతోపాటు సభల్లో మాట్లాడే బందరు మిత్రుడికి ఈ సంగతంతా చెప్పాను.

"పలుపు అక్కడే వదిలేసి వచ్చావా బావా? రేపు మెళ్ళో నిమ్మకాయ కూడా కడతావేమిటి?"

"కుక్క కోలుకుంటోంది."

"కుక్క సంగతి సరే, సిద్ధాంతం మాటేమిటయ్యా?"

"సిద్ధాంతానికి గజ్జి లేదు," అన్నాను.

ఇంజెక్షన్లు అయ్యాయి. వెంట్రుకలు పొట్టిగా, గోధుమరంగులో మొలిచాయి. చెవి చీలిక అలాగే ఉండిపోయింది కానీ పుండు మానింది. నాకూ కుక్కకీ పెద్ద స్నేహం కుదరలేదు. పెట్టింది తినేది, మొహం గోడవైపు పెట్టుకుని పడుకునేది.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి మా వరండాలో నైలాను తాడు ఖాళీగా పడి ఉంది. గోడ మీదుగా చూశాను. కుక్క జామచెట్టు కింద, పాత చోటే పడుకుని ఉంది. పైన కొమ్మకి పలుపు అలాగే వేలాడుతోంది. అన్నం గిన్నె పట్టుకుని ఆవిడ మెట్ల మీద నిలబడిపోయింది.

"మీ కుక్కండి అన్నయ్యగారూ. మీరే పిలవండి."

పిలిచాను. అది చెవి కదిపింది, లేవలేదు.

ఆవిడ దాని ఒంటివైపు చూసింది. వరండాలో పేపరు చదువుతున్న మనిషివైపు చూసింది. "పూర్తిగా మానిపోయిందాండీ?"

"మానిపోయింది."

"ఈయనకేం కాలేదు," అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. తర్వాత, "పలుపు ఉంచుకున్నాం కాబట్టేనండి," అంది.

దానికి నా దగ్గర జవాబులున్నాయి. అవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి కూడా. నోరు తెరవలేదు. ఆవిడ మెట్లు దిగి, కుక్క పక్కన కూర్చుని, గిన్నెని చేత్తో దాని మూతి దగ్గర పెట్టింది. అది తినడం మొదలుపెట్టింది.

నేను ఇంట్లోకి వచ్చి, నైలాను తాడు తీసుకెళ్ళి మళ్ళీ పెరట్లో కట్టాను. కుక్క మెడ చుట్టూ ఉన్న చోట అది వంకర తిరిగింది. ఎంత లాగి కట్టినా తిన్నబడలేదు. ఉతికినవన్నీ నా బట్టలే. సగం తాడు సరిపోయింది.