బయటికి తిప్పిన జేబులు

ఆయనను తలుచుకుంటే ముందుగా బయటికి వేలాడే రెండు జేబులే గుర్తొస్తాయి. స్టేషన్ ఘన్‌పూర్ మార్కెట్‌లో మా నాయిన పనిచేసే హమాలీ సంఘం పైసల పెట్టె ఆయన దగ్గరే ఉండేది. సంఘంలో అందరికంటే పెద్దవాడని నేను బాపూ అని పిలిచేదాన్ని. ఆయనకు చదువు రాదు, లెక్కల పుస్తకం నేనే రాసేదాన్ని. అమావాస్యకు మార్కెట్ సెలవు. ఆ రోజు అందరూ గోనెసంచుల మీద కూర్చుంటే నేను చదవాలి.

"జర గట్టిగ సదువు బిడ్డా. నలుగురు ఇనని లెక్క లెక్కనే కాదు," అనేవాడు. చదవడం అయ్యాక లేచి, అంగీ జేబులు రెండూ తిప్పి చూపేవాడు.

తెలంగాణ కోసం సమ్మె జరిగినప్పుడు, మీటింగుకు లారీలు పెట్టాలని, హమాలీలకు పని పంచే సంఘం అధ్యక్షుడు పెట్టెలోని పైసలన్నీ తీసుకున్నాడు. బాపు అది నాతో రాయించాడు. కొన్నాళ్లకు ఒక హమాలీ భార్యను దవాఖానకు తీసుకుపోదామంటే పెట్టె ఖాళీ. ఆమె బతకలేదు.

అమావాస్య నాడు అందరూ బాపును నిలదీశారు. అధ్యక్షుడికి ఇచ్చానన్నాడు.

"నాకెప్పుడిచ్చినవే, ముసలోడా?" అన్నాడు అధ్యక్షుడు.

"సదువు బిడ్డా," అన్నాడు బాపు.

అధ్యక్షుడు నా వైపు, తర్వాత మా నాయిన వైపు చూశాడు. పుస్తకం మూసేశాను.

బాపు జేబులు తిప్పి చూపాడు.

"జేబులల్ల ఏముంటది, ఇంట్ల దేవులాడాలె," అన్నారెవరో. కొందరు నవ్వారు.

బాపు మళ్లీ మార్కెట్‌కు రాలేదు. తెలంగాణ వచ్చిన రోజు, ఊరంతా రంగులు చల్లుకుంటుంటే, పుస్తకం పట్టుకుని వాళ్లింటికి పోయాను. మంచంలో ఉన్నాడు. ఆ పేజీ గట్టిగా చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగ సదివినవ్. నలుగురేరి బిడ్డా?" అన్నాడు.