తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో, మా సంజ్ఞా భాషా అనువాదకుల సంఘం నన్ను విశాఖలోని ఒక ఆసుపత్రికి పంపింది. నేను రిటైరవడానికి అప్పటికింకా కొద్ది నెలలున్నాయి. యారాడ నుంచి వచ్చిన నూకరత్నానికి పుట్టుకతోనే వినికిడి లేదు. పిల్లల్లేరు. గర్భసంచిలో గడ్డ ఉంది; దానితోపాటు సంచినే తీసేయాలని డాక్టర్లు నిర్ణయించారు. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించేముందు ఆమెకు విషయం తెలియజెప్పడం నా పని.

ఆమె బడి ముఖం చూడలేదు. ఇంట్లోవాళ్లతో కుదుర్చుకున్న సైగలే ఆమె భాష. అలాంటివారితో ముందు కాసేపు విడిగా కూర్చుని ఆ సైగలు తెలుసుకోవాలి. బంధువులు అనువాదం చేయకూడదు. చివర్లో, అర్థమైనదాన్ని ఆ మనిషే తన చేతులతో తిరిగి చెప్పాలి. వన్ టౌన్‌లోని ఓ మేడగదిలో మా సంఘం వాళ్లం పోట్లాడుకుని మరీ పెట్టుకున్న నియమాలివి.

నూకరత్నం అత్తగారికి ఇదంతా చాదస్తంగా తోచింది. "ఏటమ్మా ఈ గోల? నాను సెప్పీసినాను గదా, అది తలూపీసింది" అంది. డాక్టరమ్మకూ తొందరగానే ఉంది. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఇక తలాడిస్తే అడగాలా! నూకరత్నం నాకూ అన్నిటికీ తల ఊపుతూనే ఉంది. ఎదుటివారిని నొప్పించకుండా వినికిడి లేనివాళ్లు అలవాటుగా ఊపే ఊపు అది. 'చూస్తున్నాను' అని అర్థం, అంతే. కొత్త అనువాదకులు కూడా అక్కడే పొరబడతారు.

తిరిగి చెప్పమన్నాను. పొట్టలోంచి గడ్డను తీసి విసిరేసినట్టు చూపించింది. తర్వాత రెండు చేతుల్లో బిడ్డను ఊపుతూ నవ్వింది.

గడ్డ పోతే బిడ్డ పుడుతుందనుకుంటోందని డాక్టరమ్మకు చెప్పాను.

"ఆ మాట ఇప్పుడొద్దమ్మా, బెదిరిపోద్ది. ఆపరేషనయ్యాక నానే సెప్తాను" అని అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెడ్డది కాదు. రక్తం పోయి కోడలు పడిపోవడం కళ్లారా చూసిన మనిషి. అయినా నేను ఆగలేదు. సంచి మొత్తం తీసేస్తారనీ, ఆ తర్వాత ఒడి ఖాళీయేననీ చూపించాను.

నూకరత్నం తల ఊపలేదు. చాలాసేపు నా చేతులవైపే చూసి, ఇంకో దారి లేదా అని అడిగింది. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. గడ్డ ఒక్కటే తీయవచ్చనీ, అది మళ్లీ రావచ్చనీ, బిడ్డ పుడుతుందన్న హామీ లేదనీ వివరించింది; నేను సైగల్లో చూపించాను. నూకరత్నం అదంతా తిరిగి చెప్పి, ఆ దారే కావాలంది.

ఆమెకు బిడ్డ పుట్టిందో లేదో నాకు తెలియదు. పని ముగిశాక ఆరా తీయకూడదన్నదీ మా నియమమే. సంఘంలో కొత్తగా చేరేవారికి మాత్రం ఒకటే చెబుతుంటాను: తల ఊపింది చాలనుకోకండి, చేతులు మాట్లాడేదాకా ఆగండి.