సమ్మె టెంటు కింద ఓపీ

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నేను పెద్దవంగర వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని. హోదా పేరు సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా కత్తి పట్టే పని తక్కువ. జ్వరాలు, కాన్పులు, తేలుకాట్లు, పిల్లల టీకాలు, ముసలివాళ్ల బీపీలు మా పని. ఒక్కో ఇంట్లో తాత నుంచి మనవడి దాకా ఎవరికి ఏ మందు పడదో మాకు తెలిసి ఉండేది. పట్నం వాళ్లు ఫ్యామిలీ డాక్టరు అనే మనిషి పల్లెలో మేమే.

ఆ ఉద్యోగంతో పాటు ప్రభుత్వ వైద్యుల సంఘానికి జనగామ, మహబూబాబాద్ డివిజన్ల కార్యదర్శిగా కూడా ఉండేవాణ్ని. బదిలీలు, ఆగిపోయిన పదోన్నతులు, వాన కురిస్తే నీళ్లు కారే క్వార్టర్లు, వీటి గురించి అధికారులతో మాట్లాడటం కార్యదర్శి పని. సమ్మెకు మద్దతుగా ఓపీ బహిష్కరించాలని సంఘం తీర్మానించింది. ఓపీ అంటే రోజూ వచ్చే రోగులను చూసి మందులు రాయడం. కాన్పులు, ప్రమాద కేసులు మాత్రం మానకూడదు. మిగతా సమయం ఆస్పత్రి ముందు టెంటు వేసుకుని కూర్చోవాలి. ఇది సరిగా జరుగుతున్నదా లేదా చూసి రమ్మని కేసముద్రం వైపు ఆస్పత్రులను నాకు అప్పగించారు.

అక్కడ ఒక ఊళ్లో చిక్కు వచ్చింది. ఆ ఆస్పత్రి డాక్టరు వనజ, దగ్గరి తండా నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయి. కాంట్రాక్టు మీద పనిచేసేది. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించాలి. ఆమె ఓపీ ఆపలేదని పక్క మండలం రెగ్యులర్ డాక్టరు రఘుపతి ఇంకొందరు డాక్టర్లతో వచ్చి ఆమె ఆస్పత్రి గేటు ముందు టెంటు వేయించాడు. ఆమె మాత్రం లోపల ఓపీ చూస్తూనే ఉంది. నేను వెళ్లేసరికి రఘుపతి ముఖం కందగడ్డలా ఉంది.

"లోపల ఓపీ నడుస్తుంటె మనం బయట కూసొని ఏం పీకుతున్నం సార్? మీరన్నా చెప్పుండ్రి" అన్నాడు.

నేను లోపలికి వెళ్లాను. వనజకు అప్పటికి ఏడో నెల. లేచి నిలబడబోతే వద్దన్నాను. సంఘం తీర్మానం చెప్పాను. ఆమె చేతిలోని ఓపీ చీటీ రాయడం పూర్తిచేసి, దాన్ని రోగికి ఇచ్చి పంపి, అప్పుడు మాట్లాడింది.

"మీ సంఘంల నాకు సభ్యత్వం ఉన్నదా సార్?"

లేదన్నాను. మా సంఘం నియమావళి ప్రకారం రెగ్యులర్ డాక్టర్లే సభ్యులు.

"సభ్యత్వానికి నేను డాక్టర్ను కాదు, సమ్మెకైతే డాక్టర్ను. గదెట్ల సార్?" అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తెలంగాణ నాకు గూడ కావాలె. మా తమ్ముడు రోజూ రోడ్డు మీదనే ఉంటున్నడు. గని ఇప్పుడు బయటికొస్తె కాంట్రాక్టు తీసేస్తరు. రాకపోయినా కాన్పుకు పోతె ఎట్లనూ తీసేస్తరు. ఉన్నన్ని దినాలన్న చేసుకోనియ్యుండ్రి."

ఆమె భయానికి కారణం ఉంది. రెగ్యులర్ వాళ్లకు ప్రసూతి సెలవు హక్కు. ఆమె కాంట్రాక్టు ఉత్తర్వులో ఆ ఊసే లేదు. కొన్నాళ్లు వరసగా రాకపోతే పోస్టు ఖాళీ అయినట్టు చూపించి, కొత్తవారి కోసం ప్రకటన ఇచ్చేవారు. బిడ్డను ఎత్తుకుని తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు ఉంటారు. నేను బయటికి వచ్చాను.

అప్పటికి బయట ఇంకో సంగతి మొదలైంది. మా వైపు ఆస్పత్రి ముందు టెంటు వేశారంటే జనానికి దాని అర్థం ఒకటే. కంటి క్యాంపో, ఇంకేదో వైద్య శిబిరమో అయి ఉంటుంది. పైగా సమ్మెలో ఉన్నది డాక్టర్లని తెలియాలని మేమంతా తెల్లకోట్లు వేసుకుని, మెడలో స్టెతస్కోపులతో కూర్చున్నాం. పెద్ద డాక్టర్లు వచ్చారన్న మాట తండాలకు పాకింది. బస్సులు లేకపోయినా జనం ట్రాక్టర్ల మీద దిగారు. టెంటు ముందు వరస కట్టారు. ముందు నిలబడ్డ సోమ్లీ అనే ముసలమ్మ తిన్నగా రఘుపతి ముందు కుర్చీలో కూర్చుని మోకాలు చాపింది.

"అవ్వా, ఇది క్యాంపు కాదు. సమ్మె" అన్నాడు రఘుపతి.

"సమ్మెనే కానియ్యి బిడ్డా. మెడల గొట్టమున్నది, పని లేక కూసున్నవు. జర సూస్తె ఏంబాయె?"

"ఓపీ చూడొద్దని తీర్మానం చేసినం అవ్వా."

"నీ తీర్మానం నా మోకాలుకు తెల్వదు బాపు. పొద్దుగాల్నుంచి సలుపుతాంది."

వరసలో వాళ్లు నవ్వారు. రఘుపతి నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. అతను వంగి మోకాలు పట్టుకుని చూశాడు. ఒక్కరిని చూశాక రెండోవాళ్లను కాదనడానికి ఏ డాక్టరుకూ నోరు రాదు. కాసేపటికి నేనూ ఒక కుర్చీ లాక్కుని బీపీలు చూడటం మొదలుపెట్టాను. లోపల కంటే బయట ఓపీ పెద్దదైంది.

మందుల దగ్గర పని ఆగింది. ఫార్మసిస్టు యాకూబ్ కూడా కాంట్రాక్టు మనిషే, అందుకే లోపల పనిలో ఉన్నాడు. ఆ ఆస్పత్రి డాక్టరు సంతకం లేని చీటీకి మందు ఇవ్వకూడదన్నది నియమం. సోమ్లీ చీటీ వెనక్కి వచ్చింది.

"మీ సంతకం ఈడ నడవది సార్. రేపు ఆడిట్ల నా మెడకు పడ్తది. మేడం సంతకం గావాలె" అన్నాడు కిటికీలోంచి.

దాంతో మేము టెంటులో రాసిన ప్రతి చీటీ లోపలికి వెళ్లి, వనజ చదివి, సంతకం పెడితేనే మందు బయటికి వచ్చింది. ఒకసారి ఒక ముసలాయనకు రఘుపతి రాసిన చీటీని ఆమె తిప్పి పంపింది. ఆ ముసలాయనకు కడుపులో పుండు ఉన్నట్టు ఆమెకు తెలుసు. రఘుపతి రాసిన నొప్పుల గోలి పడదు. మార్చమని కబురు. రఘుపతి గొణుక్కుంటూనే మార్చాడు. ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా చీటీ పంపకుండా తానే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, "మేడం, ఈయనకు షుగరున్నదా?" అని అడగసాగాడు.

మధ్యాహ్నం వనజ తల్లి తండా నుంచి జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు తెచ్చింది. వనజ కోటు లోపలే వదిలి బయటికి వచ్చి టెంటు కింద కూర్చుంది.

"భోజనానికి గంట టైమున్నది. గీ గంట నేను సమ్మెల ఉన్న. రాసుకోండ్రి సార్" అంది.

"పొద్దంత మేము ఓపీ చూసినం, మీరేమో సమ్మె చేస్తున్నరు. బాగనే ఉన్నది లెక్క" అన్నాడు రఘుపతి. పొద్దుటి కోపం ఆ గొంతులో లేదు. రొట్టె తుంచుకుంటూ, కాన్పుకు పోతే ఇక్కడ ఇన్‌చార్జి ఎవరని అడిగాడు. ఎవరూ ఉండరని, అందుకే పోస్టు ఖాళీ చూపిస్తారని ఆమె చెప్పింది.

"ఎందుకుండరు? నేనుంట."

ఆ మాట విన్నాక నాకు దారి కనిపించింది. ఒక డాక్టరు లేనప్పుడు పొరుగు డాక్టరుకు ఆ ఆస్పత్రిని కూడా అప్పగించడాన్ని అదనపు బాధ్యత అంటారు. రెండు ఊళ్లకు తిరగాలి, రెండు చోట్లా తప్పులకు జవాబు చెప్పాలి. అందరూ తప్పించుకోవాలనే చూస్తారు. కానీ అదనపు బాధ్యతలో ఒకరు ఉంటే ఆస్పత్రి నడుస్తున్నట్టే లెక్క. ఖాళీ అని చూపించాల్సిన తొందర జిల్లా అధికారికి ఉండదు.

సమ్మె ముగిసి కార్యాలయాలు మామూలుగా నడిచాక రఘుపతిని తీసుకుని వరంగల్‌లో జిల్లా వైద్యాధికారిని కలిశాను. ఆయన మా అర్జీ చదివి, ఆమె మీ సంఘం సభ్యురాలు కాదు కదా, మీరెందుకు వచ్చారని అడిగారు. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రఘుపతి మా సభ్యుడని, ఆయన అదనపు బాధ్యత కోరుతున్నాడని, ఆయన తరఫున వచ్చానని చెప్పాను.

అధికారి కళ్లద్దాలు తీసి రఘుపతిని తేరిపార చూశారు. "ఇన్‌చార్జి తీసెయ్యిమని ఏడ్చుకుంట వచ్చినోళ్లను చూసిన గని, ఇయ్యిమని అడిగినోణ్ని నా సర్వీసుల చూడలే. పాణం మంచిగనే ఉన్నదా నీకు?" అన్నారు. ఆస్పత్రి సరిగా నడవట్లేదని తెలిస్తే అతన్ని అడవి ఊళ్లకు బదిలీ రాస్తానని బెదిరించి సంతకం పెట్టారు. వనజకు జీతం లేని సెలవు, రఘుపతికి అదనపు బాధ్యత.

వనజకు ఆడపిల్ల పుట్టింది. ఆమె తిరిగొచ్చేదాకా రఘుపతి రెండు ఆస్పత్రుల మధ్య మోటారు సైకిలు మీద తిరిగాడు. సోమ్లీ మాత్రం అతన్ని చూసినప్పుడల్లా, టెంటు ఎప్పుడు వేస్తారని అడిగేదట. వనజ మళ్లీ తన కుర్చీలో కూర్చుంది. ఆ ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించారు. జనగామలో జరిగిన సంఘం సమావేశంలో కాంట్రాక్టు డాక్టర్లకూ సభ్యత్వం ఇవ్వాలని రఘుపతి ప్రతిపాదించాడు. గట్టి వాదన తర్వాత మా డివిజన్లు ఒప్పుకున్నాయి. మొదటి రసీదు వనజ పేరునే రాశాను.

తర్వాత నేను భూపాలపల్లికి బదిలీ అయి అక్కడే పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అక్కడ కూడా కార్యదర్శి పని నా మీదే పడింది. అప్పటి నుంచి ఏ డాక్టరునైనా సమ్మెకు పిలవడానికి వెళితే ముందు ఒక సంగతి కనుక్కునేవాణ్ని. ఆ డాక్టరు బయటికి వస్తే ఆ ఆస్పత్రికి ఇన్‌చార్జి ఎవరు? ఆ పేరు నా దగ్గర లేకపోతే సమ్మె మాట ఎత్తకుండా టీ తాగి తిరిగి వచ్చేవాణ్ని.