మామ్మ పాటల పుస్తకం

నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, బడిలోనూ అంటారు. అననివ్వండి. ఒకటీ రెండూ తరగతుల పిల్లలతో పన్నెండేళ్ళుగా నేల మీద కూర్చుంటున్నదాన్ని. ఆ పిల్లల జోలికొస్తే ఊరుకోను.

మాది గరివిడి అవతల రెండు గదుల బడి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంటసేపు నేను పాఠం చెప్పను. పట్టాలు పరిచి కథల పుస్తకాలు మధ్యలో కుప్పపోస్తాను. ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకుంటారు. అక్షరాలు వచ్చినవాళ్ళు చదువుతారు, రానివాళ్ళు బొమ్మలు చూసి చెప్పుకుంటారు. ఒక పుస్తకం నేనే గట్టిగా చదివి వినిపిస్తాను. చేపల బజారులా ఉందని మా హెడ్మాస్టారు గొణుగుతారు. ఉండనివ్వండి అంటాను.

ఆ ఏడాది రెండో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. అమ్మానాన్నలు చెన్నైలో కట్టడం పనికి పోతే మామ్మ దగ్గర పెరుగుతోంది. మేక గుమ్మడిపాదు మేసేసిన కథ పుస్తకం ఒకటుండేది, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒళ్ళో పెట్టుకుని, వరస కింద వేలు జరుపుకుంటూ, రాగం తీస్తూ చదివేది. ఒక్క ముక్క పొల్లు పోయేది కాదు. సరిగ్గా చోటు చూసి పేజీ తిప్పేది. నిజంగానే చదువుతోందని నేను మురిసిపోయాను. పన్నెండేళ్ళ అనుభవం, ఏం లాభం!

ఒకరోజు తనిఖీకి ఒక అధికారి వచ్చారు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించి, చేతిలో ట్యాబ్‌లో ఏదో నొక్కుకుంటున్నారు. మా అమ్మాయి ధీమాగా తన మేక పుస్తకం పట్టుకెళ్ళి మొదలెట్టింది. ఆయన రెండు పేజీలు విని, మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అన్నారు. పిల్ల మళ్ళీ మొదటినుంచి రాగం అందుకుంది. ఇంకో మాట చూపించారు. ఇంకోటి. పిల్ల నా వైపు చూసింది.

"అంతా బట్టీ మేడమ్. ఈ పిల్లకి అక్షరం ముక్క రాదు," అంటూ పుస్తకం లాక్కుని బీరువా మీద పెట్టేశారు. "అక్షరాలు వచ్చేదాకా ఇలాంటివాళ్ళకి కథల పుస్తకాలు ఇవ్వకండి. ఒకటో తరగతి పట్టా మీద కూర్చోబెట్టి దిద్దించండి. దసరా సెలవులయ్యాక మళ్ళీ వస్తాను."

ఇంత కోపిష్టిదాన్ని, నేను నోరు మూసుకుని నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. పిల్ల ఏడవలేదు. ఒకటో తరగతి పట్టా చివరికి పోయి గోడకేసి తిరిగి కూర్చుంది. మర్నాటినుంచి బడికి రావడం మానేసింది.

ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మ చర్చికి తయారై, అరుగు మీద కూర్చుని పాట పాడుకుంటోంది. గుడ్డలో చుట్టి దాచుకునే పాటల పుస్తకం ఒళ్ళో తెరిచి ఉంది. వరస కింద వేలు జారుతోంది. అదే వేలు, అదే రాగం! పక్కన కూర్చుని చూశాను. ఆవిడ పాడుతున్న పాట ఒకటి, ఆ పేజీలో ఉన్న పాట ఇంకొకటి.

అప్పుడు తెలిసింది నాకు. ఆ పిల్ల ఎవరినీ మోసం చెయ్యలేదు. చదవడమంటే ఇంట్లో చూసిందే చేసింది. పుస్తకాన్ని ప్రేమగా పట్టుకోవడం వచ్చు, పేజీ తిప్పడం వచ్చు, కథంతా నోటికొచ్చు. మాట దగ్గర వేలు ఆగాలని మాత్రం తెలీదు. ఆ సంగతి చెప్పాల్సినదాన్ని నేను చెప్పలేదు.

సోమవారం బతిమాలి తీసుకొచ్చాను. రెండో తరగతి పట్టా మీదే కూర్చోబెట్టి, బీరువా మీది పుస్తకం దించి చేతిలో పెట్టాను.

హెడ్మాస్టారు కంగారుపడ్డారు. "మేడమ్, ఆయన వద్దన్నారు కదా! మెమో వస్తాది."

"రానివ్వండి మాస్టారూ. నా పేరునే రాయించండి. ఈ పుస్తకం లాక్కుంటే ఈ పిల్ల మళ్ళీ గుమ్మం తొక్కదు."

రోజూ అదే కథ, అదే పని. నోరు ఒక మాట పలికితే వేలు ఒక మాట కింద ఆగాలి. ఆగిన మాటని అక్షరం అక్షరం విడదీసి పలకాలి. మొదట్లో వేలు వరస చివరికి పోయేది, నోరు ఇంకా మధ్యలోనే ఉండేది. "ఇలగైతే నాకొద్దు మేడమ్," అని విసుక్కునేది. "మేక ఎక్కడికీ పారిపోదు గానీ, ఆపవే," అనేదాన్ని. ఒకరోజు పాఠ్యపుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మేడమ్! మన మేక ఇందులోకీ వచ్చీసింది!" వేలు సరిగ్గా ఆ మాట మీదే ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

సెలవులయ్యాక ఒక సోమవారం ఆ అధికారి వచ్చారు. పిల్ల ఒళ్ళో మేక పుస్తకం చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "ఇవ్వొద్దన్నాను కదా మేడమ్?"

"ఇచ్చాను సార్. ఇంకా ఇస్తాను."

ఆయన ఏదో అనబోతుండగా మామ్మ గుమ్మంలోంచే అరుస్తూ వచ్చింది. "ఏటి పంతులమ్మా, మా గుంటకి నువ్వు నేర్పినదేటి? నిన్న సర్చిలో అందరి ముందూ నా పరువు తీసీసింది!"

నా పని అయిపోయిందనుకున్నాను. పుస్తకాలే వద్దని ఆవిడ అంటే ఆయనకి అంతకన్నా ఏం కావాలి?

"నాను పాడతన్న పాట ఆ పేజీలో లేదంట. అక్కడున్న పాటేటో కూడబలుక్కుని సదివీసింది. పాస్టరుగారు సూసి నిజమేనన్నారు. నలబై ఏళ్ళనుంచీ అలగే పట్టుకుని పాడతన్నాను, ఎవులూ ఏటీ అన్లేదు. ఆళ్ళకి తెలవకా, తెలిసే ఊరుకున్నారా?"

నేను అధికారి వైపు తిరిగాను. "విన్నారా సార్? ఆ పుస్తకం నా బడిలో లేదు. నేనెప్పుడూ చెప్పలేదు. బట్టీ అంటారా దీన్ని?"

మామ్మ గుడ్డ విప్పి పాటల పుస్తకం తీసి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి రెండో తరగతి పట్టా మీద కూలబడింది.

"ఈవిడ ఇక్కడ కూర్చోకూడదు మేడమ్," అన్నారాయన.

"కూర్చుంటుంది సార్. మీ ట్యాబ్‌లో ఏం నొక్కుకుంటారో నొక్కుకోండి."

ఈలోగా మనవరాలు మామ్మ పక్కకి జరిగింది. ఆవిడ వేలు పట్టుకుని మొదటి మాట కింద గట్టిగా నొక్కిపెట్టింది.

"జరపకు మామ్మా. ఇక్కడ ఆపు."