కిటికీకి ఎత్తిన రాయి

మా జియాలజీ మేడం తలపుకొస్తే ముందు ఆమె మూసిన కన్నే కనబడుతుంది. ఏ రాయినైనా కిటికీ వెలుగుకెత్తి ఒంటికన్నుతో చూసేది. పలుగురాయి అంచులోంచి తన వేలు లీలగా కనబడితే మురిసిపోయేది.

కరీంనగర్ గ్రానైట్ క్వారీలో పనిచేసే మా బాపు ఒకరోజు నన్ను చదువు మాన్పించి తీసుకుపోవడానికి కాలేజీకి వచ్చాడు.

"రాయిల సదువనీకి ఏముంటది మేడం?"

ఆమె కాగితం కన్నా పలుచగా అరగదీసి, అద్దానికి అతికించిన గ్రానైట్ ముక్కను ఆయన చేతికిచ్చింది.

"కిటికీకి పట్టి చూడుండ్రి."

బాపు కూడా ఒక కన్ను మూశాడు. జన్మంతా పగలగొట్టిన బండలోంచి ఆయనకు ఎండ కనబడింది. కొన్ని చుక్కలు మాత్రం నల్లగానే ఉన్నాయి.

"గివెందుకు ఎలుగుతలేవు?"

"గది వచ్చే ఏడు పాఠం. నేర్సుకొని మీ బిడ్డనే చెప్తది."

ఆ సాయంత్రం బాపు ఒక్కడే బస్సెక్కాడు.