టాంగాలో వెనక సీటు మా పెద్దబాపుది

మా పెద్దబాపు పోయాడని మొన్న మంగళవారం లాల్‌దర్వాజా నుంచి కబురు వచ్చింది. మా నాన్నకు అన్న, నా చిన్నప్పుడు అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఏడాదిగా మంచం పట్టినవాడే, రేపో మాపో అని అందరికీ తెలుసు. అయినా ఆ మాట విన్నాక చేతిలోని బియ్యం చేట ఎక్కడ పెట్టానో కాసేపు గుర్తు రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బర్మాలో జపాను సైన్యం మీద బాంబులు వేసే విమానంలో పనిచేశాడు. ఇద్దరే పట్టే విమానం. ముందు పైలట్, అతని వైపు వీపు పెట్టి తుపాకీతో మా పెద్దబాపు. వెనక నుంచి వచ్చే శత్రువును కనిపెట్టడమే పని. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చి, బస్సు డిపోలో ఫిట్టరుగా చేరి, రిటైరయ్యేదాకా గ్రీజు చేతులతోనే బతికాడు.

వెనక్కి చూసే అలవాటు మాత్రం పోలేదు. ఊరెళ్లొచ్చి యాకుత్‌పురా స్టేషన్లో దిగి టాంగా ఎక్కితే మేమంతా ముందు సీటు కోసం కొట్లాడుకునేవాళ్లం. ఆయన వెనక సీట్లో, వచ్చిన దారికేసి చూస్తూ కూర్చునేవాడు. "ముంగటిది టాంగావాలా సూస్కుంటడు. ఎనకొచ్చేది మనం సూస్కోవాలె" అనేవాడు. బోనాలెత్తుకుని ఆడవాళ్లు నడుస్తుంటే అందరికన్నా చివర, నాలుగడుగులకోసారి వెనక్కి తిరుగుతూ వచ్చేవాడు. "జపానోళ్లు ఎంటవడ్డరా ఏంది?" అని పెద్దమ్మ నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం గానీ, వెనక ఆయన ఉన్నాడన్న ధీమాతోనే నేను పెరిగాను.

గల్లీలో అందరూ ఆయన్ని 'పైలట్ సాబ్' అనేవారు. కాదు మొర్రో అన్నా వినేవారు కాదు. నేనూ బళ్లో అదే డప్పు కొట్టాను. బంగ్లాదేశ్ యుద్ధం రోజులవి. హెడ్మాస్టరు గారు ఆయన్ని పిలిపించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, నిలబడగానే "నేను పైలట్‌ను గాదు బిడ్డా, ఎనక కూసునేటోన్ని" అన్నాడు. నా పక్క పిల్ల నన్ను గిల్లింది. బాంబు పడితే ఎట్లుంటదని ఎవరో అడిగారు.

"పైలట్ ఏసి ముంగటికి పోతడు. వడ్డది నాకే కనవడేది. ఒకపారి పొగ తేటవడ్డంక సూసిన. ఇల్లు లేదు. దండెం మీద బట్టలు మాత్రం గట్లనే ఉన్నయ్."

హెడ్మాస్టరు గారు గబగబా వందన సమర్పణ చేసేశారు. పరువు పోయిందని నేను నెల రోజులు పెద్దబాపుతో మాట్లాడలేదు. ఆయన డిపో నుంచి వస్తూ పల్లీపట్టీ తెచ్చి నా పుస్తకాల సంచి మీద పెట్టి పోయేవాడు. పల్లీపట్టీ తినేదాన్ని, మాట మాత్రం లేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ సిగ్గును పదిహేనేళ్లు దాచుకున్నాను. పోయిన నెల చూడడానికి వెళ్లినప్పుడు ఎట్లాగో నోరు తెరిచాను.

"పెద్దబాపూ, ఆ రోజు బళ్లె నీ మీద అలిగిన గద. తప్పు నాదే."

"నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు నన్ను పైలట్ అని చెప్పినవని తెల్సినంక, నిజంగ పైలట్‌నైతే మంచిగుండేదనుకున్న. ఎనక ఏమైందో సూడకుంటనే ఇంటికొస్తుంటి."

అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎముకలు తేలిన ఆ వీపు మీద చెయ్యి వేసి, నిద్రపట్టి ఊపిరి నిదానపడేదాకా నేను అక్కడే కూర్చున్నాను.